గంట కొట్టింది నేనే

ఆదివారం మధ్యాహ్నం మూడయిందంటే, ఇప్పుడు మేముండే తమక ఊళ్ళో, మా ఇంటి ముందుగది నాది కాదు. మా ఆవిడా, ఆమెతో పాటు బడిలో పాఠాలు చెప్పే మరో నలుగురు టీచరమ్మలూ బల్ల చుట్టూ చేరతారు. పాచికలు దొర్లే చప్పుడు, ఎవరో ఒకరు కోటగోడ ఎక్కలేక జారిపడ్డ కబురు, ఆ వెనకే అయిదుగురి నవ్వు వంటింట్లోకి వినబడుతుంటాయి. వంటింట్లో ఉండేది నేను. టీ నా డ్యూటీ. మొన్న వాళ్ళలో అందరికన్నా చిన్నామె కప్పు అందుకుంటూ, మీరెప్పుడూ ఈ ఆట ఆడలేదా అంకుల్ అని అడిగింది. ఆడానమ్మా అని ఊరుకున్నాను. మా ఆవిడ తల ఎత్తకుండానే పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. ఈ ఆటలోకి ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది నేనే. తీసుకెళ్ళి, ఆమె మీద కుళ్ళుకున్నదీ నేనే. ఆ కుళ్ళు ఇవాళ్టికీ పూర్తిగా పోలేదని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

అప్పుడు మేం బంగారు గనుల ఊరు ఆండర్సన్‌పేటలో ఉండేవాళ్ళం. గనులు మూతపడ్డాక మా ఊరి మగవాళ్ళ బతుకంతా బెంగళూరు రైల్లోకి మారిపోయింది. పొద్దున్నే బండెక్కి, సాయంత్రం అదే బండిలో నిలబడి నిద్రపోతూ దిగేవాళ్ళం. మా నాన్న గనుల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. నేను బెంగళూరులో ఒక కంపెనీ స్టోర్సులో పనిచేసేవాణ్ణి. మా మేనత్త కొడుకు, అంటే మా బావ, కంప్యూటర్ల ఆఫీసులో. నాకన్నా మూడేళ్ళు పెద్ద. చిన్నప్పటి నుంచీ నేను చెప్పే ప్రతి గొప్పనూ నోరు తెరుచుకుని వినే మనిషి ప్రపంచంలో అతనొక్కడే, కాబట్టి అతను నా సొంత ఆస్తి అని నా లెక్క. అతనే ఒక శనివారం ఆఫీసు నుంచి ఒక ఇంగ్లీషు ఆటపుస్తకం జిరాక్సు కాగితాల కట్టా, రకరకాల ముఖాలున్న పాచికలూ తెచ్చాడు. ఆట చూస్తే చాలా తేలిక. ఒకడు కథ చెబుతాడు. మిగిలినవాళ్ళు ఆ కథలో మనుషులు. ఒకడు వీరుడు, ఒకడు మంత్రగాడు, ఒకడు దొంగ. గుహలో దూరుతున్నాను అంటే దూరినట్టే. తలపెట్టిన పని అయ్యిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. గెలవడం, ఓడిపోవడం లేవు. కథ సాగుతూ ఉంటుంది, అంతే. పెళ్ళీడు మగవాళ్ళు తన ఇంట్లో ఇట్లా కూర్చుని రాక్షసులతో యుద్ధాలు చేస్తున్నారని మా మేనత్త ఎవరికీ చెప్పేది కాదు. అడిగితే లోపల పరీక్షలకు చదువుతున్నారు అనేది.

కథ చెప్పేవాడు బావ. వీరుణ్ణి నేను. మంత్రగాడు మా వీధిలోనే ఆటో నడిపే మిత్రుడు. ఇంట్లో తమిళం, మాతో మా తెలుగు. అతని తండ్రి గనిలో కేజ్ దగ్గర, అంటే మనుషుల్ని భూమి లోపలికి దించి పైకి లాగే ఇనుప పంజరం దగ్గర, ముప్పై ఏళ్ళు గంట కొట్టిన మనిషి. ఇంగ్లీషు పుస్తకంలో ఉన్న నేలమాళిగలూ పాడుపడ్డ కోటలూ బావకు రుచించలేదు. మన ఊళ్ళో ఇంత గని పెట్టుకుని వాళ్ళ కోటలు మనకెందుకని మా రాక్షసులందరినీ బంగారు గనిలోకి మార్చాడు. ఆటో మిత్రుడు దానికి ఒక నియమం చేర్పించాడు. పైకి రావాలంటే కేజ్‌లోకి ఎక్కాలి, గంట కొట్టేవాడు దిగిన ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలవాలి, ప్రతి ఒక్కరూ ఉన్నానని పలకాలి, ఆ తరవాతే గంట. పిలవకుండా కొట్టకూడదు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, వాళ్ళ నాన్న పద్ధతి. మూడేళ్ళ పాటు గంట కొట్టే పని నాది. వీరుణ్ణి కదా.

నా పెళ్ళి బూదికోట దగ్గర పల్లెలో, పట్టుపురుగులు పెంచే ఇంట్లో జరిగింది. ముహూర్తం పెట్టింది పంతులు కాదు, పురుగులే. నాలుగో జ్వరం లేచి అవి మేత మీద పడే వారంలో ఇంట్లో ఒక్కరికీ తీరిక ఉండదని పెళ్ళి ఇరవై రోజులు వెనక్కి జరిపారు. జ్వరమంటే రోగం కాదు, పురుగు పాత చర్మం విడిచే సమయం. అప్పుడది మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉంటుంది. కొత్త అల్లుడిగా మొదటిసారి వెళ్ళినప్పుడు నా పౌడరు వాసన పురుగులకు పడదని మా అత్తగారు నన్ను పురుగుల ఇంటి గడప బయటే నిలబెట్టింది. లోపల నా భార్య తట్టల మధ్య తిరుగుతూ ఏదో చెబుతూ నవ్వుతోంది. పురుగులతోనో, వాళ్ళ చెల్లెలితోనో తెలియలేదు. నాతో మాత్రం ఆ మనిషి మాట్లాడేది కాదు. అన్నం పెట్టనా, రైలెప్పుడు, దీపం తియ్యనా, ఈ మూడు మాటలతో రెండేళ్ళు గడిచాయి. కోపం లేదు, అలక లేదు. మాట అంతే. ఆ గడప అవతల విన్న నవ్వు ఒక్కసారైనా మా ఇంట్లో వినబడాలని నాకుండేది. ఎలా తెప్పించాలో తెలియలేదు. అందుకే ఆటకు తీసుకెళ్ళాను. నా కత్తిసాము చూస్తే కరుగుతుందని ఒక ఆశ. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది కానీ అప్పుడు నిజంగానే అనుకున్నాను.

ఆమె రానంది. చదివింది కన్నడ మీడియం, ఆ కాగితాల్లో ఇంగ్లీషు చూస్తేనే భయమంది. పుస్తకం నేను చూసుకుంటాను, నువ్వు నా వెనకాల నడిస్తే చాలని నచ్చజెప్పాను. ఆమెకొక పాత్ర కూడా కాగితం మీద నేనే రాసిపెట్టాను. మూలికలు తెలిసిన పల్లెటూరి పిల్ల, చేతిలో ఒక గంప. ఆయుధం ఇవ్వలేదు. అవసరం పడదనుకున్నాను.

మొదటి ఆదివారమే మా దారికి అడ్డంగా ఒక రాక్షసపురుగు పడింది. సొరంగం నిండుగా ఉంది, తల పైకెత్తి నిలబడింది. నేను కత్తి దూశాను. మంత్రగాడు మంటలు సిద్ధం చేశాడు. బావ పాచిక నా చేతిలో పెట్టబోతుంటే, మా ఆవిడ మెల్లగా, అది కదుల్తా ఉండాదా అన్నా అని అడిగింది. లేదమ్మా అన్నాడు బావ. మేత ఏమన్నా తింటా ఉండాదా అంది. బావ ఒక్క క్షణం ఆలోచించి, లేదన్నాడు. "అయితే జ్వరంలో ఉండాది. దాని జోలికి పోవద్దండి. ఇప్పుడు దానికేమీ చేత కాదు. పక్క నుంచి పోతాము" అంది. బావ కాగితాలు కింద పెట్టేశాడు. పాచిక వెయ్యకుండానే మమ్మల్ని పంపించాడు. అంతటితో ఆగితే బాగుండేది. మూడేళ్ళలో నా కత్తి గురించి అనని మాట ఆమె గంప గురించి అన్నాడు. ఇట్లాంటి మనిషిని ఇన్నాళ్ళూ యాడ దాచినావప్పా అని నన్నే అడిగాడు. ఆమె నవ్వింది. గడప అవతల విన్న నవ్వే అది. నేను తెప్పించాలనుకున్న నవ్వు మా బావ తెప్పించాడు.

అన్నా చెల్లెమ్మా అని పిలుచుకునే ఇద్దరి మీద వేరే అనుమానాలు పెట్టుకునేటంత నీచుణ్ణి కాను. నాది అంతకన్నా చిల్లర జబ్బు. నా భార్య నాతో మాట్లాడని మాటలు బావతో మాట్లాడుతోంది. నా గొప్పలు వినాల్సిన బావ నా భార్య మాటలు వింటున్నాడు. ఎటు చూసినా నష్టపోయింది నేనే. వారం వారం ఆమె ఇంకాస్త ముందుకు జరిగింది. దెయ్యాల కాపలాదారుతో పాలకేంద్రం దగ్గర వాదించినట్టు వాదించి తలుపు తీయించింది. ఆటో మిత్రుడు దేనికైనా అక్కను అడుగు అనడం మొదలుపెట్టాడు. ఇంటికొచ్చాక మళ్ళీ అన్నం పెట్టనా, దీపం తియ్యనా. ఆమె ఓ వారం రాలేనంటే బాగుండునని కోరుకున్న శనివారాలున్నాయి. వెళ్దామా అని ఆమె ముందే చెప్పులేసుకుని నిలబడితే మొహం అటు తిప్పుకున్న ఆదివారాలూ ఉన్నాయి.

ఒక ఆదివారం మేం గనిలో బాగా లోతున ఉన్నాం. నీళ్ళు పొంగుతున్నాయి, అందరూ కేజ్ దగ్గరికి పరుగెత్తాలి. నేనూ ఆటో మిత్రుడూ ఎక్కేశాం. మా ఆవిడ మాత్రం మొదటి ఆదివారం చూసిన ఆ పురుగు జ్వరం లేచి ఆకలితో ఉంటుందని, దానికి ఆకు వేసి వస్తానని వెనక్కి వెళ్ళింది. బావ ఆట మరచిపోయి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, అప్పుడేమైందమ్మా అంటూ వింటున్నాడు. కథ చెప్పేవాడు అతను, వింటున్నదీ అతనే. నేనొక్కణ్ణి కేజ్‌లో నిలబడి ఉన్నాను. ఎవరూ నా వైపు చూడటం లేదు. "గంట కొడుతున్నా" అన్నాను. పేర్లు పిలవలేదు. బల్ల మీద ఉన్న స్టీలు గ్లాసును చెంచాతో మూడుసార్లు కొట్టాను. ఆమెను నీళ్ళలో వదిలి కేజ్ పైకి లేచిపోయింది.

ఆటలో ఎన్నో చావులు చూశాం, పకపకా నవ్వుకున్నాం. ఇది అట్లాంటిది కాదని నాకు చెంచా కింద పెట్టేలోపలే తెలిసింది. ఆటో మిత్రుడు నా మొహం చూడకుండా గ్లాసును దూరంగా జరిపాడు. "మా నాయన ముప్పై ఏండ్లు చేసినాడు. ఒక్క దినం ఇట్ల కొట్టలేదు" అన్నాడు. ఆ గొంతులో తిట్టు లేదు, అందుకే తట్టుకోలేకపోయాను. మా ఆవిడ తన కాగితం మడిచి బల్ల మీద పెట్టి, వేళయింది పోదామంది. ఇంట్లో అన్నం పెట్టింది, పెట్టనా అని అడగలేదు. మూడు మాటల్లో ఒకటి పోయింది. వారం తిరిగేసరికి మిగతా రెండూ పోయాయి.

తరవాతి ఆదివారం ఆమె రాలేదు. నేను ఒక్కణ్ణే వెళ్ళాను. పద్ధతి ఏమిటో ఆటో మిత్రుడే చెప్పాడు. తప్పు గంట కొట్టినోడే తిరిగి దిగల్ల, దిగి మనిషిని తోడుకొని రావల్ల అన్నాడు. దిగాను. నీళ్ళలో ఈదాను, పాచికలు నా మీద పగబట్టినట్టు పడ్డాయి, చెయ్యి విరిగింది, కత్తి పోయింది. చివరికి ఆమె ఉన్న చోటికి చేరాను. అక్కడ బావ కాగితాలు మూసేశాడు. "ఇంగ నేను చెప్పేది లేదప్పా. పైకి వస్తాదో రాదో ఆ యమ్మనే అడగల్ల" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఎండ ఇంకా వాకిట్లోనే ఉంది. ఆమె గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాను. గనిలోకి దిగి వచ్చాను, పైకి వస్తావా అని అడగడానికి నాకు చాలాసేపు పట్టింది. పెళ్ళయిన మగవాడు అడగాల్సిన మాటేనా అది. ఆమె చిక్కుళ్ళు ఒలుస్తూనే, మీరెందుకు గంట కొట్టినారు అని అడిగింది. నీళ్ళొస్తున్నాయి కదా, ఆటో వాణ్ణి కాపాడాలి కదా, ఆట కదా, ఇట్లాంటివి నాలుగు నాలిక మీదకి వచ్చాయి. ఏదీ చెప్పలేదు.

"కుళ్ళు పుట్టింది" అన్నాను. "నువ్వు వాళ్ళతో నవ్వుతావు. నాతో నవ్వవు. ఓర్చుకోలేకపోయినా."

ఆమె చేతులు ఆగాయి.

"పెండ్లయి రెండేండ్లయింది. ఒక్క దినమన్నా నన్ను ఏమన్నా అడిగినారా మీరు? అన్న అడిగినాడు, చెప్పినాను" అంది.

నిజంగానే నేను ఎన్నడూ ఏమీ అడగలేదు. చెప్పడమే నాకు తెలుసు. ఆ పురుగు ఆకు తినిందా అని అడిగాను. ఆమె నవ్వలేదు. కానీ చేటను మా ఇద్దరి మధ్యకు జరిపి, చెప్పడం మొదలుపెట్టింది. తినింది, ఎట్లా తినిందో చెప్పింది. అక్కణ్ణించి వాళ్ళ ఊరి పురుగుల దగ్గరికి, వాళ్ళ చెల్లెలి దగ్గరికి, మా ఇంట్లో మొదటి రోజు తను పడ్డ భయం దగ్గరికి వచ్చింది. మధ్యలో నేను, మరి పైకి ఎప్పుడొస్తావు అని అడిగాను.

"ఇప్పుడే రాను. మీరే కొంచేపు ఈడ కూర్చోండి" అంది.

కూర్చున్నాను. ఇది జరిగి పదిహేనేళ్ళు దాటింది. ఆ కొంచెంసేపు అయిపోయిందని ఆమె ఇంతవరకూ చెప్పలేదు. నేనూ అడగలేదు.