ఉప్పు తెలిసిన అత్తయ్య

అమీర్‌పేటలో కంప్యూటర్ పాఠాలు చెప్పి శ్రీనగర్ కాలనీలోని ఫ్లాట్‌కి వచ్చాక, చెప్పులు విడవకముందే నేను చూసేది హాల్లోని ఉప్పునీటి అక్వేరియాన్నే. అందులో చేపలు రెండే. నా ప్రాణమంతా మెత్తటి పగడం మీద ఉండేది. రాయిలా గట్టిపడని రకం అది. పుట్టగొడుగులా గొడుగు పట్టి, దాని నిండా సన్నటి వేళ్ళు చాపి, నీటి కదలికకు ఊగుతుండేది. పంజాగుట్టలో నాకు దాన్ని అమ్మిన దుకాణదారు ముందే అన్నాడు, "ఇంట్ల గిది బతుకుడు కష్టం మేడమ్. మస్తు మంది కొంటరు, నెలకే పోయిందని వస్తరు."

నా దగ్గర ఏడాది బతికింది. తరవాతి వేసవిలో నీళ్ళు వేడెక్కుతున్నాయని మూత తీసి, తొట్టి మీదికి టేబుల్ ఫ్యాన్ తిప్పాను. నీళ్ళు చల్లబడ్డాయి గాని, రోజూ వేలెడు మందం తగ్గిపోయేవి. సముద్రపు ప్రాణి కదా అని, తగ్గినప్పుడల్లా ఉప్పు కలిపిన నీళ్ళే పోశాను. రెండు వారాల్లో పగడం వేళ్ళన్నీ ముడుచుకుంది. గొడుగు ఒక పక్కకు వాలి ఎండిన తోలులా అయింది.

దుకాణానికి ఫోన్ చేశాను. "తీసి పారెయ్యుండ్రి మేడమ్. కుళ్ళితే చేపలు సుత పోతయ్" అన్నాడు. నాకు చేతులు రాలేదు.

ఆ వారమే మా అత్తయ్య చీరాల వైపు నుంచి వచ్చారు. నేను బకెట్లో ఉప్పు కలుపుతుంటే చూసి, "మళ్ళీ ఉప్పెందుకమ్మా?" అన్నారు.

"నీళ్ళు తగ్గాయి అత్తయ్యా."

"ఆవిరైంది నీళ్ళు. ఉప్పెక్కడికి పోతుంది? మా నాన్న ఉప్పు మళ్ళలో మేం చేసిన పనే అది. నీళ్ళు ఎండగట్టడం, మిగిలింది ఎత్తుకోవడం. నువ్వు హాల్లో ఉప్పు మడి కట్టావు."

డ్రాయర్లో పడి ఉన్న ఉప్పు కొలిచే పరికరం తీసి చూశాను. ఉప్పెంతుందో చూపే నీలం గీత ఉండవలసిన చోటికి చాలా పైన ఉంది. రోజూ అంతమందికి పాఠాలు చెప్పేదాన్ని, సిగ్గేసింది. ఉప్పు ఒక్కసారిగా తగ్గినా ప్రమాదమే. అందుకని రోజూ కాస్త ఉప్పునీరు తోడి, అంతే కొలతలో ఉప్పు కలపని ఫిల్టర్ నీళ్ళు పోస్తూ వచ్చాం. నేను క్లాసులో ఉంటే అత్తయ్యే చెంబుతో సన్నటి ధారగా పోసేవారు.

పదో రోజున పగడం మీద మైనంలాంటి పొర ఊడిపోయింది. ఇక అయిపోయిందనుకున్నాను. మర్నాడు క్లాసు మధ్యలో ఫోన్ మోగింది.

"అమ్మాయ్, నీ పగడం వేళ్ళు చాపింది."

పిల్లలకు పది నిమిషాలు విరామమిచ్చి, మెట్ల మీద కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

వానాకాలానికి గొడుగు రెండింతలై పక్కనున్న చిన్న పగడాలకు వెలుగు అందనివ్వలేదు. కొయ్యక తప్పలేదు. కొత్త బ్లేడు పెట్టి అంచు కోశాను. అత్తయ్య పళ్ళెం పట్టుకుని, "ఆ ముక్క నాది" అన్నారు. దాన్ని ఆవిడే దారంతో చిన్న రాయికి కట్టారు. మూడో వారానికి దారం విప్పితే రాయిని పట్టుకుని నిలబడింది. తల్లి పగడం కోసిన చోట అప్పటికే కొత్త వేళ్ళు మొలిచాయి.

ఆ రోజు అత్తయ్య ఫోన్‌ను తొట్టి అద్దానికి ఆనించి, చీరాలలోని చెల్లెళ్ళందరికీ వరసగా వీడియోలో చూపించారు. "ఇది నేను బతికించింది" అని ప్రతిసారీ చెప్పారు.