తపాల్ బుక్కులో నా సంతకం

నాకు ఓపిక తక్కువ. చెప్పిందే మళ్లీ చెప్పమంటే ముక్కు మీదికి కోపం వచ్చేస్తుంది. అలాంటివాడిని పట్టుకుని తార్నాకలో మా యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్ వాళ్లు ఏడాది పొడుగునా ఒకే పని చేయించారు. క్యాంపస్‌లో ప్రతి బల్ల దగ్గరికీ వెళ్లి, అక్కడి కంప్యూటర్‌లో ఉన్న మెయిల్ ప్రోగ్రామ్‌ను యూనివర్సిటీ సెంట్రల్ డైరెక్టరీకి కలపాలి. కలిపితే ఇక ఎవరి అడ్రసూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పేరులో మూడక్షరాలు కొడితే చాలు, మనిషి, డిపార్ట్‌మెంట్, మెయిల్ అడ్రసు అన్నీ కనిపిస్తాయి. "అందరికీ" అనే గ్రూపుకి ఒక్కసారి పంపితే సర్క్యులర్ క్యాంపస్ అంతా చేరిపోతుంది. ఆ గ్రూపు తయారుచేసింది నేనే. అప్పట్లో నేను కాంట్రాక్ట్ ఉద్యోగిని. లాలాపేట్‌లో రెండు గదుల అద్దె ఇల్లు, నెలల పాప. ఏటేటా కాంట్రాక్ట్ రెన్యూ అయితేనే మా ఇల్లు గడిచేది.

అన్ని సెక్షన్లూ ఒక ఎత్తు, తపాల్ సెక్షన్ ఒక్కటీ ఒక ఎత్తు. అక్కడి సూపరింటెండెంట్ మేడం రోజూ వారాసిగూడ నుంచి వచ్చేవారు. రిటైర్మెంట్‌కి ఇంకో ఏడాది ఉంది. కంప్యూటర్ మీద దుమ్ము పడకుండా పాత తువ్వాలు కప్పి, దాని పక్కనే ఎర్ర అట్ట తపాల్ బుక్ పెట్టుకునేవారు. ఏ కాగితం ఎవరికి పంపినా అందులో రాసి, అందుకున్నవాళ్ల చేత సంతకం పెట్టించడం ఆవిడ పద్ధతి. సంతకం పడలేదంటే ఆవిడ లెక్కలో కాగితం చేరనట్టే.

డైరెక్టరీ కలిపేసి, "ఎవరి పేరైనా కొట్టి చూడండి మేడం" అన్నాను గొప్పగా. ఆవిడ ఒక్క వేలితో నిదానంగా కొట్టారు. ఏమీ రాలేదు.

"ఎవరి పేరండీ అది?"

"మా అటెండర్‌ది. ఇరవై ఏండ్ల సంది గీ క్యాంపస్‌ల తపాల్ మోస్తున్నడు. నీ లిస్టుల లేడేంది తమ్మీ?"

"ఆయన డైలీ వేజ్ కదండీ. లిస్టు సర్వీసు రికార్డుల్లోంచి వస్తుంది. పర్మనెంటు వాళ్లే ఉంటారు."

"మంచిగున్నది. అందరికి అంటవ్, అందరు లేరు. సరే, మెయిల్ మెయిలే. నీ లిస్టుల లేనోళ్లకు కాయితం పోతది."

నాకు ఒళ్లు మండింది. ఇంత కష్టపడి కాగితం లేకుండా చేస్తే ఈవిడ మళ్లీ కాగితం రాస్తానంటారు! ఆ సాయంత్రం క్యాంటీన్‌లో టీ తాగుతూ, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, "సంతకం పడ్డదా తమ్మీ?" అని ఆవిడలా నటించి చూపించాను. అందరూ పడీ పడీ నవ్వారు. నాకు భలే తృప్తిగా అనిపించింది.

కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో బల్ల కింద దూరి కేబుల్ సరిచేస్తున్నాను. తపాల్ సెక్షన్ అటెండర్ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"మీ కోసం మూడు బిల్డింగులు తిరిగిన సార్. గీడ సంతకం పెట్టున్రి."

విసుక్కుంటూనే సంతకం పెట్టి కాగితం చదివాను. కాంట్రాక్ట్ ఉద్యోగులందరూ రెన్యువల్ కాగితాలు ఆ రోజు సాయంత్రం ఐదులోపు ఇవ్వాలి. ఆ తర్వాత వచ్చినవి తీసుకోబడవు. ఆ సర్క్యులర్ మూడు రోజుల కిందటే మెయిల్‌లో "అందరికీ" వెళ్లింది. కాంట్రాక్టు వాళ్ల కోసం రాసిన సర్క్యులర్ పర్మనెంటు వాళ్లందరికీ చక్కగా చేరింది, కాంట్రాక్టు వాళ్లలో ఒక్కడికీ చేరలేదు. సెలవు నుంచి ఆ పొద్దున్నే వచ్చిన మేడం మెయిల్ చూసి, ఒక్కొక్కరికీ కాగితం రాసి పంపారు. బుక్కులో నా సంతకానికి పైన పదకొండు మంది సంతకాలున్నాయి. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది నా పని. అన్ని బల్లల దగ్గర అందరి పేర్లూ కొట్టి చూపించానుగానీ, నా పేరు ఒక్కసారీ కొట్టి చూసుకోలేదు.

పరుగెత్తాను. ఐదుకి పది నిమిషాలుండగా కాగితాలు ఇచ్చి, అక్కడి నుంచి నేరుగా తపాల్ సెక్షన్‌కి వెళ్లాను. ఆవిడ తలెత్తకుండానే అడిగారు.

"సంతకం పడ్డదా తమ్మీ?"

"పడిందండీ."

"అయితే గిది కూడ క్యాంటీన్ల చేసి చూపెట్టు. అప్పుడు మస్తు నవ్విన్రంట కద."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం పకపకా నవ్వి, తన టిఫిన్ డబ్బా మూత తీసి రెండు సకినాలు నా చేతిలో పెట్టారు. ఆ క్షణం నుంచి ఆవిడంటే నాకు ప్రాణం.

తర్వాత మా డైరెక్టర్ గారిని బతిమాలి, డైరెక్టరీ పక్కన రెండో లిస్టు పెట్టి, దాన్ని కూడా "అందరికీ" గ్రూపులో కలపడానికి ఒప్పించాను. సర్వీసు రికార్డుల్లో లేనివాళ్ల కోసం, వాళ్ల సొంత మెయిల్ అడ్రసులతో. మధ్యాహ్నం అన్నాలయ్యాక మేడం తపాల్ బుక్కు చూసి పేర్లు చదివేవారు, నేను ఎక్కించేవాణ్ని. మొదట ఎక్కింది అటెండర్. చివర ఎక్కింది నేను. "అందరికీ" అన్న మాట అప్పటికి నిజమైంది.

మరుసటి ఏడాది మేడం రిటైరయ్యారు. దండలు, శాలువా, ఫొటోలు అన్నీ అయ్యాయి. మర్నాడు పొద్దున్న ఆవిడ పేరులో మూడక్షరాలు కొట్టాను. రాలేదు. రికార్డులోంచి పోయినవాళ్ల పేరు మర్నాటికల్లా పోతుందని నాకు తెలుసు, అలా పోయేట్టు చేసిందే నేను. అయినా ఇంకోసారి కొట్టి చూశాను. రెండో లిస్టు తెరిచి, ఆవిడ సొంత మెయిల్ అడ్రసు ఎక్కించాను.

వారం తిరక్కుండానే ఫోన్ వచ్చింది.

"తమ్మీ, గీ సర్క్యులర్‌ల తారీఖు తప్పు పడ్డది. ఆదివారం నాడు మీటింగ్ పెడ్తరా ఎవలన్న?"

"మీకు చేరిందా అక్కా?" అన్నాను. మేడం అనకుండా పిలవడం అదే మొదటిసారి.

"చేరింది గానీ, సంతకం ఏడ పెట్టాల్నో చెప్పు."