ప్రతి బిల్డుకీ పుట్టుక అడిగిన వదిన

మా వదిన పోయింది. సోమవారం పొద్దున్న ఆఫీసుకొచ్చి ఇంకా బ్యాగులోంచి టిఫిన్ బాక్సైనా తియ్యలేదు, అన్నయ్య ఫోను. "మీ వదిన ఇక లేదే" అన్నాడు. ముందురోజు సాయంత్రమే ఆస్పత్రి మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని, "ఏటే, కేటలాగ్ ఎలాగుంది?" అని నన్నడిగిన మనిషి. ఒంట్లో ఎలా ఉందని నేనడగాల్సింది, ఆ సందే ఇవ్వలేదు.

ఏడుస్తూ రాద్దామనే కూర్చున్నాను. రెండు వాక్యాలు రాసేసరికి నవ్వొచ్చింది. ఏం చెయ్యను, ఆవిడ సంగతులే అలాంటివి. చదివేవాళ్ళు ఏమనుకున్నా సరే, ఇది గెలిచిన మనిషి గురించి.

మాది రాయ్‌పూర్‌లో స్థిరపడిన రైల్వే కుటుంబం. వదిన విజయనగరం వైపు నుంచి కోడలిగా వచ్చింది. వచ్చిన కొత్తలోనే మా వంటింట్లో బియ్యం డబ్బా మీద కాగితం అంటించింది. ఏ మిల్లు బియ్యం, ఏ కొట్లో కొన్నది, ఎప్పుడు పోసింది, అన్నీ దాని మీద ఉన్నాయి. మా అమ్మ నోరు నొక్కుకుంది. "ఇదేటమ్మా, బియ్యానికి జాతకం రాస్తన్నావు!" అంది. "పురుగు పడితే ఏ బస్తాలోంచి వచ్చిందో తెలియద్దేటి అత్తయ్యా?" అంది వదిన. ఆ యేడు వానాకాలం పురుగు పట్టనే పట్టింది, బస్తా వెనక్కి వెళ్ళనే వెళ్ళింది. అప్పట్నుంచి అమ్మ పప్పుడబ్బాల మీద కూడా తనే అంటించడం మొదలుపెట్టింది.

ఆ బుద్ధితోనే ఆఫీసులోనూ ఉండేది. శంకర్ నగర్‌లో మా ఇద్దరిదీ ఒకే ఆఫీసు. రైస్ మిల్లుల కాటాలకి ప్రోగ్రాములు చేస్తాం. ధాన్యం ట్రాక్టరు కాటా ఎక్కితే బరువు చూసి, తేమకి కొంత తగ్గించి, రైతుకి చీటీ ఇచ్చే ప్రోగ్రాము. ఒక్కో మిల్లుది ఒక్కో పద్ధతి. రాసిన కోడ్‌ని ఒక మిల్లు కంప్యూటర్‌లో నడిచేలా తయారుచేసి ఇస్తే దాన్ని బిల్డ్ అంటాం. ఏ బిల్డ్ ఏ కోడ్‌లోంచి వచ్చింది, మా ఆఫీసులో ఏ మెషీన్ మీద తయారైంది, లోపల ఏమేం కలిశాయి, ఎక్కడికి వెళ్ళింది అన్నీ నమోదు చేసే వెబ్ అప్లికేషన్ ఒకటుంది. దాన్నే కేటలాగ్ అంటాం. నేను ఆ ఆఫీసులో చేరేనాటికి అది వదిన చేతిలో ఉంది.

రాసినతను ఎప్పుడో పుణె వెళ్ళిపోయాడు. పేజీ తెరుచుకునేలోపు టీ చల్లారేది. ఏదైనా వెతికితే, అడిగింది తప్ప మిగతావన్నీ చూపించేది. పారేసి కొత్తది రాయమన్నారు అందరూ. వదిన ఒప్పుకోలేదు. "దీనిలో తప్పులు నాకు తెలుసు. కొత్తది రాస్తే కొత్త తప్పులొస్తాయి, వాటితో నాకు పరిచయం కూడా లేదు" అంది. రోజూ ఒక మూల చొప్పున దిద్దుకుంటూ వచ్చింది. పేజీ వెంటనే తెరుచుకోవడం మొదలైన రోజు ఆఫీసంతా తిరిగి, పనిలో ఉన్నవాళ్ళని లేపి మరీ చూపించింది. గొప్ప చెప్పుకోవడంలో మొహమాటం లేదు ఆవిడకి, అది నాకు భలే ఇష్టం.

శనివారం మధ్యాహ్నం మాత్రం ఆవిడకి ఎదురుపడకూడదు. వారమంతా మేం కేటలాగ్‌లో నింపకుండా వదిలేసిన గళ్ళన్నీ తీసి, ఒక్కొక్కళ్ళనీ పిలిచి కూర్చోబెట్టేది. నన్నైతే, "ఆడపడుచుగారూ, ఇలా దయచెయ్యండి" అనేది. ఆ 'గారూ' వినిపించిందంటే నా పని అయిపోయినట్టే. "తెలీదని రాయి, ఏం పర్లేదు. ఖాళీగా వదిలెయ్యకు. నీకు తెలీదో, బద్ధకమో నాకెలా తెలుస్తాది?" అనేది. ఎవరైనా "లేటెస్ట్ బిల్డే మేడమ్" అంటే ఇంక వాళ్ళని ఆ దేవుడే కాపాడాలి. "లేటెస్ట్ అంటే ఏటి బాబూ? నిన్నటి లేటెస్టా, మొన్నటి లేటెస్టా? పుట్టుక చెప్పు."

ఒకసారి మేమిద్దరం ఊరికి దగ్గర్లో ఉన్న తిల్దా వెళ్ళాం, ఒక మిల్లులో కాటా చూడ్డానికి. పని అయ్యాక పక్క మిల్లువాళ్ళు టీకి పిలిచారు. చూస్తే వాళ్ళ కాటా గదిలోనూ మా ప్రోగ్రామే! మేమెప్పుడూ వాళ్ళకి ఇవ్వలేదు. అక్కడ మిల్లులవాళ్ళకి అది దొంగతనం కాదు. ఒకడి మోటారు బెల్టు తెగితే పక్కవాడు ఇస్తాడు, అలాగే ప్రోగ్రామూ పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇస్తాడు. ఇరుగుపొరుగన్నాక ఆ మాత్రం ఉండదా అన్నట్టు, మాకే బిస్కెట్లు పెట్టి మరీ చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వదిన పకపకా నవ్వింది. తిరుగు రైల్లో, "వీళ్ళని మార్చలేమే. మన కేటలాగ్‌నే మార్చాలి" అంది.

మార్చింది. బిల్డ్ ఎక్కడికి వెళ్ళినా తన గుర్తు తనే చెప్పుకునేలా, కాటా చీటీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వరస అచ్చయ్యేలా చేసింది. ఆ వరస కేటలాగ్‌లో కొడితే దాని చరిత్రంతా వచ్చేస్తుంది. మా యజమాని చీటీ పట్టుకుని, "యే చీంటియోఁ కీ లైన్ క్యా హై, మేడమ్?" అన్నారు. చీమల బారుట! అందరూ నవ్వారు. ఆ దీపావళి ముందే ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. కేటలాగ్ మీద రాబడి లేదు, అది నడిచే మెషీన్ తీసి వేరే పనికి వాడుకుందాం అని. వదిన మొహం చిన్నబోవడం అదొక్కసారే చూశాను. "ధాన్యం సీజన్ అయ్యేదాకా ఉంచండి సర్" అని హిందీలో బతిమాలింది. సరేనన్నారు, సీజన్ అవగానే తీసేద్దామన్నారు.

సీజన్ మధ్యలో తిల్దా నుంచి ఫోను. ఒక రైతు ఇంకో చోట తూయించి తెచ్చి, మా చీటీలో బరువు తక్కువొస్తోందని కాటా దగ్గర అడ్డంగా కూర్చున్నాడు. ఆ రైతు చెప్పింది నిజం. మా ప్రోగ్రాము తేమ కింద రెండుసార్లు కోసేస్తోంది. యజమాని చెమటలు తుడుచుకుంటూ, అన్ని మిల్లుల్లోనూ ఆపేయమన్నారు. ఆపితే ట్రాక్టర్లు రోడ్డు మీదికి బారులు తీరతాయి, ఇంకే మిల్లూ మమ్మల్ని గడప తొక్కనివ్వదు. ఆపకపోతే రైతుల నోటిదగ్గర కూడు మేం లాక్కున్నట్టే. ఏది చేసినా ఆఫీసు మూతపడేలా ఉంది.

"కాసేపు ఎవరూ ఏదీ ఆపకండి" అంది వదిన. ఆ రైతు చీటీ అడుగున ఉన్న అక్షరాలు ఫోన్లో చదివించుకుని కేటలాగ్‌లో కొట్టింది. అదే రకం బిల్డులు వెళ్ళిన మిల్లుల్ని వాకబు చేస్తే, కొన్ని చోట్ల లెక్క బాగానే ఉంది, కొన్ని చోట్ల లేదు. తేడా ఎక్కడంటే, తయారైన మెషీన్‌లో. మా ఆఫీసులో ఒక మెషీన్ మీద తేమ లెక్క కొత్తది వేసి, పాతది తియ్యడం మర్చిపోయారు. 'ఏ మెషీన్' అన్న గడి ఎందుకు మేడమ్, దండగ అని ఎగతాళి చేసినవాళ్ళందరం ఆవిడ కుర్చీ వెనక గుడ్లప్పగించి నిలబడ్డాం. ఆ మెషీన్ మీద పుట్టిన బిల్డులు వెళ్ళిన మిల్లులు వరసగా తెర మీదికి వచ్చేశాయి. చాలా తక్కువే!

"ఔర్ పెన్‌డ్రైవ్ వాలే?" అన్నారు యజమాని. ఎవరు ఎవరికి కాపీ ఇచ్చుకున్నారో ఎవరికి తెలుసు?

"ఫోన్లు తియ్యండి" అంది వదిన. అందరం మిల్లులకి ఫోన్లు చేశాం, చీటీ అడుగున అక్షరాలు చదవమని. ఒక మిల్లు గుమాస్తా, అక్కడ మున్షీ అంటారు, "రుక్ దీదీ, చశ్మా లానథఁవ్" అని కళ్ళజోడుకి పరిగెత్తాడు. కబురు మిల్లు నుంచి మిల్లుకి పాకింది. మాకు బిస్కెట్లు పెట్టిన మిల్లాయన తనే ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "మేడమ్జీ, హమారా భీ దేఖ్ దీజియే నా" అన్నాడు, మాదీ కాస్త చూడండని. వదిన నన్ను చూసి కన్నుగీటి, "షర్మాయియే మత్, పఢియే" అంది, సిగ్గుపడకుండా చదవమని. అదీ చెడ్డ బిల్డే. సరిచేసింది పంపాం. తక్కువ పడిన రైతులందరికీ చీటీలు మళ్ళీ తీయించాం. మిగతా కాటాలు ఒక్క నిమిషం కూడా ఆగలేదు. పొద్దు వాలకముందే అంతా సర్దుకుంది. అడ్డంగా కూర్చున్న రైతు కొత్త చీటీ తీసుకుని ట్రాక్టరెక్కాడని ఫోనొస్తే, మా ఆఫీసులో చప్పట్లు వీధిలోకి వినిపించాయి. వదిన కూడా తనకి తనే చప్పట్లు కొట్టుకుంది.

యజమాని అందర్నీ తెలీబంధా చెరువు గట్టుకి తీసుకెళ్ళారు, గుప్‌చుప్ పెట్టిస్తానని. ఊళ్ళో పానీపూరీకి మాకున్న పేరది. బండి చుట్టూ గుంపుగా నిలబడ్డాం. ఆయన ఆకుదొన్నె పట్టుకుని వదిన ఎదురుగా వచ్చి, "బోలియే మేడమ్, క్యా చాహియే ఆప్‌కో?" అన్నారు. ఏం కావాలో కోరుకోమన్నమాట. ఆవిడ అడగబోయేది ఆయనకి తప్ప అందరికీ తెలుసు. కేటలాగ్‌కి ఉన్న మెషీన్ ఉండాలి, అది ఆగితే నడవడానికి ఇంకోటి కావాలి. అడిగింది, ఇచ్చారు. రెండూ ఇవాళ్టికీ నడుస్తున్నాయి. వాటిని ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను, శనివారం మధ్యాహ్నాలు నన్ను చూసి కూడా జనం తప్పుకుంటున్నారు.

కానీ వదిన అనగానే నాకు కనబడేది ఆవిడ అడగడానికి ముందు క్షణం. అప్పుడే ఒక పెద్ద గుప్‌చుప్ నోట్లో వేసుకుంది. బుగ్గ ఉబ్బిపోయి, కారానికి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతూ, పులుపునీళ్ళు మోచేతి దాకా కారుతూ, ఎడంచెయ్యి పైకెత్తి 'ఆగండి' అని యజమానిని నిలబెట్టేసింది. ఆయన ఆగారు. మేమంతా ఆగాం. ఆవిడ మాత్రం తీరిగ్గా, హాయిగా, నములుతూనే ఉంది.