ఇంటూ గుర్తున్న దారి

మేడంగారి పుస్తకంలో నేను ఒక్కచోటే ఉన్నాను. నలభై మూడో పేజీ, కింది నుంచి ఆరో వరస. "తోడుగా తెచ్చుకున్న పనిమనిషి మాట విని ఆ రోజు దారి తప్పాము" అని అచ్చయింది.

ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా నేను చదివిన మొట్టమొదటి పుస్తకం అదే. పద్దెనిమిది రోజులు పట్టింది. ఆ వరస దగ్గర నా వేలు ఆగిపోయింది. కూడబలుక్కోవడంలో పొరపాటు పడ్డానేమోనని మళ్ళీ చదివాను. పొరపాటేమీ లేదు. అబద్ధం రాశారు, అంతే.

నాది రేపల్లె దగ్గర పల్లె. నలభై ఏళ్ళు నాట్లు వేశాను, కలుపు తీశాను. అందులో ఇరవై ఏళ్ళు కూలీల ముఠాకి ముందు నడిచాను. అటు అడవులదీవి, ఇటు పిట్టలవానిపాలెం, ఎక్కడ నాట్లుంటే అక్కడికి పాతికమంది ఆడవాళ్ళని గట్ల వెంట తీసుకెళ్ళేదాన్ని. ముసురుపట్టి చేలన్నీ ఒకటే నీరై గట్టు కనపడకపోయినా, కాలు పెట్టి చూసి గట్టెక్కడుందో చెప్పేదాన్ని. ఒక్కరోజు కూడా ఎవరినీ దారి తప్పించలేదు. నాకు ఆస్తి ఏమైనా ఉందంటే ఆ పేరే.

నడుము మొరాయించాక బాపట్లలో మేడంగారింట్లో పనికి కుదిరాను. ఆవిడ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నాకు చదువు అరవై దాటాక వచ్చింది. మా చర్చిలో సాయంత్రం పూట ఒక పంతులమ్మగారు నేర్పారు. తప్పు రాస్తే పలక మీద ఇంటూ పెట్టి, పక్కనే సరైనది రాసి చూపించేవారు. తెనాలిలో ఈ పుస్తకం విడుదల చేసిన రోజు మాత్రం ఒకాయన మైకు పట్టుకుని, "ఇంట్లో పనిమనిషికి సైతం అక్షరభిక్ష పెట్టిన ఉదాత్తురాలు" అని మేడంగారిని పొగిడారు. మేడంగారు తల వంచుకుని నవ్వారు. కాదని అనలేదు. నేను వెనక కుర్చీలు సర్దుతూ విన్నాను.

పుస్తకం మా ఫ్రాన్సు ప్రయాణం గురించి. ఆ ప్రయాణం మేడంగారి ముచ్చట. నదుల పక్కన, ద్రాక్షతోటల్లో పది రోజులు కాలినడకన తిరగాలని. ఆవిడ చెల్లెలి కూతురు అక్కడే ఉద్యోగం చేస్తుంది, ఏర్పాట్లన్నీ ఆ పిల్లే చేసింది. మేడంగారికి అంతకుముందు ఏడాదే మోకాలి ఆపరేషనైంది. ఒంటరిగా పోవద్దని డాక్టరు అన్నాడు. అందుకని నేను. మేడంగారికి అరవై మూడు. నాకు అరవై ఏడు.

అక్కడి జనం నడవడానికే నడుస్తారు. బస్సు తప్పిపోయి కాదు, పని మీద కాదు. పెద్ద సామాను వ్యానులో ముందు ఊరికి వెళ్ళిపోతుంది, మనం చిన్న సంచితో నడిచి చేరాలి. ఆ చిన్న సంచిలో మూడు సీసాల నీళ్ళు, పులిహోర డబ్బా, మందులు, మోకాలికి రాసే నూనె, ఇద్దరి స్వెట్టర్లు, మేడంగారి కెమెరా. అది నా వీపు మీద.

బాగుండలేదని అనను. కొండవాలంతా ద్రాక్షతీగలు, స్తంభాలు పాతి ఇనప తీగలు లాగి వరసలు పెట్టారు. మన నాటు కూడా అంత సాపుగా ఉండదు. కింద నది. పేరు లోత్. బైబిల్లో ఉన్న పేరు కాబట్టి మర్చిపోలేదు.

మూడో రోజు జరిగింది ఇది. అక్కడ నడిచేవాళ్ళ కోసం చెట్లకీ రాళ్ళకీ తెలుపు, ఎరుపు గీతలు రెండు ఒకదాని కింద ఒకటి వేసి ఉంచుతారు. ఆ గీతలు చూసుకుంటూ పోవాలి. ఊరి చివర దారి రెండుగా చీలింది. ఎడమ పక్కది తోటల మధ్యనుంచి కొండ మీదకి. అక్కడ గీతలున్నాయి. కుడి పక్కది నది వెంట, నీడగా, చదునుగా ఉంది. దాని మొదట్లో స్తంభం మీద అవే రంగుల్లో ఇంటూ వేసి ఉంది.

"ఇటు కాదండి మేడంగారూ. ఇంటూ పెట్టారు."

"ఎవరో పిల్లలు గీసుంటారే."

"పిల్లలకి అవే రెండు రంగులు ఎక్కడ దొరికాయండీ?"

"అక్షరాలొచ్చి నాలుగేళ్ళు కాలేదు, నాకు గుర్తులు చెప్తావేంటి?" అని మ్యాపు మడిచి నా చేతికిచ్చారు. "కాలవ పక్క పుట్టినదానివి నువ్వూ. నీళ్ళు పోయే వైపు పోతే ఊరు రాకుండా ఎక్కడికి పోతుందే?"

ఆ మాటకి నేనూ ఒక నిమిషం ఆగాను. మా దగ్గర అది నిజమే. కాలువ కట్ట పట్టుకుని దిగువకి నడిస్తే లాకులొస్తాయి, లాకుల దగ్గర ఊరొస్తుంది, ఇంకా నడిస్తే సముద్రం వస్తుంది. బయల్దేరిన చోటికి మళ్ళీ తీసుకొచ్చే కాలువని మేం ఎరగం. మేడంగారి నాన్నగారి పొలాలు కాలువ కిందివే, వాటిల్లో నేను నాట్లు వేశాను. నీళ్ళ గురించి ఇద్దరికీ తెలిసింది ఆ ఒక్కటే. కానీ ఇంటూ నా కళ్ళెదురుగా ఉంది. ఇంకోసారి చెప్పాను.

"నోరు మూసుకుని నడవ్వే," అన్నారు.

నడిచాను. రెండున్నర గంటలు. నీడ అయిపోయింది, ఎండెక్కింది. మేడంగారు కుంటడం మొదలుపెట్టారు. చివరికి చర్చి గోపురం కనపడింది. "చూశావా, వచ్చేసింది!" అన్నారు. దగ్గరికి పోతే పొద్దున మేం కాఫీ తాగిన హోటలు. అదే ఎర్ర గళ్ళ గుడ్డ పరిచిన బల్ల. మేం వదిలిన కప్పులు మాత్రం తీసేశారు. ఆ నది అక్కడ కడియంలా చుట్టు తిరిగింది.

సంచి దించి నీళ్ళ సీసా అందించాను. "చెప్పానుగా" అని ఉండాల్సింది. మేడంగారే అన్నారు, "చెప్పొచ్చుగా గట్టిగా!" అని.

నడి ఎండలో మళ్ళీ కొండెక్కాం, గీతలున్న దారినే. తోటలో ఆడవాళ్ళు గుత్తులకి ఎండ తగలాలని ఆకులు గిల్లుతున్నారు. తలకి గుడ్డ కట్టుకున్న ఒకామె నీళ్ళిచ్చింది. నా వీపు మీద సంచి చేత్తో ఎత్తి బరువు చూసింది, మేడంగారి ఖాళీ చేతుల వంక చూసింది, వాళ్ళ భాషలో ఏదో అంది. భాష నాకు రాదు, మాట తెలిసింది. మేడంగారు కూర్చుని నూనె రాసుకునేలోపు నేను ఆమె పక్క వరసలో నాలుగు తీగలకి ఆకులు గిల్లాను. ఆమె చేతుల్లాగే నా వేళ్ళూ నల్లబడ్డాయి.

పుస్తకంలో ఆ చోట ఇలా ఉంది: "శ్రమను పండగలా చేసుకునే ఆ స్త్రీల నవ్వు నా అలసటను మరిపించింది." ఎవరూ నవ్వలేదు. ఆమె నడుము పట్టుకుని లేచి నిలబడింది, అప్పుడు పళ్ళు కనపడ్డాయి. గంటసేపు వంగి లేస్తే ముఖం అలాగే ఉంటుంది. ఆ ముఖం నాకు తెలుసు.

సరే, అదంతా ఆవిడ ఇష్టం. ఎవరికి ఎలా కనపడితే అలా రాసుకుంటారు. దారి సంగతి అలాంటిది కాదు.

పుస్తకం మా ఊళ్ళోకీ వచ్చింది. నా పాత ముఠాలో ఒకామె, నన్ను వదినా అంటుంది, మనవరాలి చేత చదివించుకుంది. రేపల్లె బస్టాండులో పదిమందిలో పట్టుకుంది.

"ఏం వదినా, ఫ్రాన్సులో మేడంగారిని తిప్పిన చోటే తిప్పావంట! మమ్మల్ని గూడా అట్టా ఎన్నిసార్లు తిప్పావో, మేం ఎరగం గదా!"

అందరూ నవ్వారు. ఆమె ఎగతాళికే అంది. కానీ ఇరవై ఏళ్ళు నా వెనక నడిచిన మనిషి అంది.

మర్నాడు పుస్తకం పట్టుకుని బాపట్ల వెళ్ళాను. అప్పటికి పని మానేసి ఆరు నెలలైంది. మేడంగారు వరండాలో ఉన్నారు.

"ఇది తప్పండి. ఇటు పోదామంది మీరు. ఇంటూ ఉంది, వద్దని రెండుసార్లు చెప్పింది నేను."

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. "ఓ, ఇదా! చదివేవాళ్ళకి సరదాగా ఉంటుందని రాశానే. నీ పేరు రాయలేదుగా?"

"పేరెందుకండీ? మీతో వచ్చింది నేనొక్కదాన్నే. ఊరందరికీ తెలుసు."

"చదువొచ్చాక నీకు పౌరుషం కూడా వచ్చిందే," అని నవ్వారు. నేను కదల్లేదు. కాసేపటికి నవ్వు ఆపి, "సరేలే. మళ్ళీ అచ్చు వేస్తున్నారు. అందులో సరిచేస్తాను," అన్నారు. టీ తాగి వెళ్ళమన్నారు. తాగకుండానే వచ్చేశాను.

రెండో అచ్చు వచ్చింది. తెనాలి వెళ్ళి కొనుక్కొచ్చాను. ఈసారి నలభై మూడో పేజీ ముందు తీశాను. సరిచేశారు. ఆ వరస తీసేశారు. దాని తర్వాత "నది మాయ చేసి మమ్మల్ని బయల్దేరిన చోటికే చేర్చింది" అని ఉన్న వాక్యంలో "మమ్మల్ని" కూడా "నన్ను" అయింది. పనిమనిషి లేదు. ఎవరి తప్పూ లేదు. పది రోజులూ మేడంగారు ఒంటరిగా నడిచారు. నీళ్ళు, పులిహోర, మందులు వాటంతటవే నడిచొచ్చినట్టున్నాయి.

పుస్తకమంతా రెండుసార్లు వెతికాను. తప్పు చేసినదానిగా అయినా అంతకుముందు ఉన్నాను.

అప్పుడు పెన్ను తీసి ఆ పేజీ మీద, ఈ మూల నుంచి ఆ మూలకి ఇంటూ పెట్టాను. మా పంతులమ్మగారు చెప్పినట్టు పక్కనే సరైనది రాద్దామని మొదలుపెట్టాను. నా అక్షరాలు పెద్దవి. అంచున చోటు చాల్లేదు. అందుకని ఇక్కడ రాశాను.