కేసు పేపర్లో లేని వైద్యుడు

1998 జూన్‌లో ముంబై దగ్గర మరమగ్గాల ఊరు భివండిలోని ఒక ధర్మాసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరాను. రోగుల్లో ఎక్కువమంది మగ్గాల మధ్యే ముసలివాళ్లయిన కరీంనగర్ వాళ్లు కాబట్టి తెలుగు వచ్చినవారే కావాలన్నారు. మా విభాగమంటే నేను, ఒక ఆయా, వేడి పెట్టే యంత్రం, ట్రాక్షన్ మంచం. ట్రాక్షన్ అంటే నడుముకు పట్టీ కట్టి, కాళ్లవైపు బరువులు వేలాడదీసి వెన్నును సాగదీయడం. ఎముకల డాక్టరు గురువారాల్లో వచ్చి చీటీ రాసేవారు. దాన్ని అమలుచేయడం నా పని.

ఆ ఊళ్లోనే టెంఘర్ అనే పేటలో నర్సయ్య అని ఒకాయన ఉండేవాడు. ముంబైలో ఒక కైరోప్రాక్టర్ దగ్గర పదేళ్లు సహాయకుడిగా పనిచేసి, ఇక్కడ ఇంట్లోనే సొంతంగా బల్ల వేసుకున్నాడు. వెన్నుపూసలను చేత్తో నొక్కి, తిప్పి సర్దడం ఆ వైద్యం. డిగ్రీ లేదు. జనం మాత్రం 'మణకా డాక్టర్' అనేవారు. మరాఠీలో మణకా అంటే వెన్నుపూస. మా ముసలి రోగుల్లో సగంమంది అక్కడికి కూడా వెళ్లేవారు. వెళ్లామన్నవాళ్లను గట్టిగా కోప్పడేదాన్ని. మూడు నెలల్లో అలా చెప్పేవాళ్లే లేకుండా పోయారు. నా మాట విన్నారనుకున్నాను.

రాజవ్వకు డెబ్బై ఏళ్లుంటాయి. సగం జీవితం మగ్గాలకు నూలు కండెలు చుట్టిన మనిషి. దసరా దాటాక నడుం నొప్పితో వస్తే, వానాకాలంలో తీసిన ఎక్స్‌రే చూసి డాక్టరు పది రోజుల ట్రాక్షన్ రాశారు. నాలుగో రోజు నొప్పి పెరిగిందంది. మొదట్లో అలాగే ఉంటుందని చెప్పి పంపేశాను.

మర్నాడు ఆమెను ఆటోలో నర్సయ్యే తీసుకొచ్చాడు. తలుపు దగ్గరే నిలబడి, "మేడం, అవ్వ నిన్న నా తాన కొచ్చింది. నేనైతే మణకా తిప్పలే. వేలుతోని ముడితేనే కెవ్వుమన్నది. ఎక్కడన్న పడ్డవా అని అడిగితే పడ్డనన్నది. ఫోటో తీయుండ్రి," అన్నాడు.

ఎప్పుడు పడ్డావవ్వా అని అడిగాను. మా దగ్గరికి వచ్చే ముందు వారమేనంది. మరి నాకెందుకు చెప్పలేదన్నాను.

"గాయన ఇంటి మెట్ల మీదనే జారి పడ్డ బిడ్డా. ఎవ్వలు చూడలే, లేచి ఇంటికి పోయిన. నీకు చెప్తే ఏడ పడ్డవంటవ్. గట్ల చెప్తే తిడ్తవ్ గద!"

కొత్త ఎక్స్‌రేలో ఒక పూస నలిగి ఉంది. ఎముకలు గుల్లబారిన వయసులో పడితే అలా అవుతుంది. ఆ వెన్నునే నేను నాలుగు రోజులు సాగదీశాను. డాక్టరు ట్రాక్షన్ ఆపి, నడుం బెల్టు, పడక విశ్రాంతి రాశారు. జరిగింది జరిగినట్టు రాసి ఆసుపత్రి నడిపే ట్రస్టుకు ఇచ్చాను. రాజవ్వ మూడు నెలలకు నడిచింది కానీ మళ్లీ కండెల ముందు కూర్చోలేకపోయింది.

నర్సయ్య వైద్యాన్ని నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. అయితే అడగాల్సిన ప్రశ్న ఆయన అడిగాడు, నేను అడగలేదు. ఆ వారమే రోగి వివరాలు రాసుకునే కేసు పేపర్లో రెండు వరుసలు చేర్చాను: ఈమధ్య పడ్డారా? ఇంకెవరికి చూపించుకున్నారు? జవాబు రాసుకునేటప్పుడు ముఖం చిట్లించకుండా ఉండటం అలవాటు చేసుకోవడానికి ఏడాది పట్టింది. కోప్పడితే రోగులు అక్కడికి వెళ్లడం మానరు, మనకు చెప్పడం మానేస్తారు.