హాఫ్‌శారీ ఫ్లెక్సీ, నా అప్‌గ్రేడ్

మెట్‌పల్లిలో నాది ఫ్లెక్సీల షాపు. డిజైన్లు చేసే కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ లినక్స్. అదీ అసలుది కాదు. ఏయే దేశాల్లోనో ఉన్న కొందరు సరదాపరులు దాన్ని తమకు నచ్చినట్టు మార్చి, ముస్తాబు చేసి, ఊరికే పంచిపెట్టిన రకం. నా పాత డబ్బా మీద కూడా చకచకా నడుస్తుంది. ఒకటే బాధ. అప్‌గ్రేడ్ చేస్తే చాలు, డెస్క్‌టాప్ పాడవుతుంది. ఒకసారి కింద ఉండే పట్టీ మాయమైంది. ఇంకోసారి తెర మీది బాణం గుర్తే కనబడకుండా పోయింది. వాళ్ళ ఫోరంలో మొత్తుకుంటే, తయారుచేసిన వాళ్ళలో ఒకాయన "మా దగ్గర బాగానే ఉందే" అని నవ్వు బొమ్మ పెట్టాడు. ఒళ్ళు మండింది. అప్పటినుంచి అప్‌గ్రేడ్ చేయమని తెర మూలన అది ఎంత బతిమాలినా పట్టించుకోలేదు.

కిందటేడు మా బిడ్డ హాఫ్‌శారీ ఫంక్షన్ వచ్చింది. ఫ్లెక్సీ మధ్యలో నిండుగా దాని ఫోటో ఒక్కటే పెట్టి చూపించాను.

"ఇట్లనే ఉంచు బాపూ, ఇంకెవ్వర్ని వెట్టకు" అంది.

సరేనని దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను.

మాట నిలబెట్టుకోనిస్తే కదా! ఫంక్షన్ ముందురోజు సాయంత్రం మా అక్క మొగుడు షాపుకొచ్చి నా పక్కనే కుర్చీ వేసుకున్నాడు. "గీ ఫంక్షన్ కోసమే మస్కట్‌ల ఛుట్టీ వెట్టి వచ్చిన. నా ఫోటో లేకుంట ఫ్లెక్సీ ఏందిరా?" అన్నాడు. పెట్టాను, కూలింగ్ గ్లాసులతో సహా. అక్కడే ఉన్న మా ఆవిడ ఆ తెరను ఫోటో తీసి వేములవాడలో ఉన్న తమ్ముడికి పంపింది. వెంటనే ఫోన్.

"మేనమామను నేను, చీర వెట్టేది నేను. నా ఫోటో లేదా? గట్లైతే రేపు నేను రాను."

అతన్నీ పెట్టాను. "వాని తలకాయ నాకన్న పెద్దగుంది, జర జూడు" అన్నాడు బావ. మా ఆవిడ ప్రతి మార్పునూ ఫోటో తీసి తమ్ముడికి పంపుతూనే ఉంది. ఈయనను పెంచితే అక్కడినుంచి ఫోన్, అతన్ని పెంచితే ఇక్కడ అలక. ఎవరిని కాదన్నా రేపు హాల్లో ఒకరు ఉండరు. చివరికి నా బిడ్డ ఆ ఇద్దరి భుజాల మధ్య పాస్‌పోర్టు ఫోటో అంత మిగిలింది.

సరిగ్గా అప్పుడే తెర మూలన అప్‌గ్రేడ్ మళ్ళీ బతిమాలింది. మొదటిసారి దాని మీద ప్రేమ పుట్టింది. "ఒక్క నిమిషం బావా, ఇదేందో అడుగుతుంది" అని నొక్కేశాను.

నా నమ్మకం వమ్ము కాలేదు. నల్లటి తెర, దాని మూలన మిణుకుమనే ఒక గీత. పట్టీ లేదు, బొమ్మలు లేవు, బావ కూలింగ్ గ్లాసులు లేవు.

"ఏమైందిరా?"

"కరాబైంది బావా. ఫోటోలన్ని అండ్లనే ఉండిపోయినయి."

"పరేషాన్ జేస్తివి గదరా! మరెట్ల?"

"మొదలు చేసింది పెన్‌డ్రైవ్‌ల ఉన్నది. ఇగ గదే ఏస్త" అన్నాను. మొహం అంత దిగులుగా పెట్టగలనని నాకే తెలియదు. ప్రింటు మిషన్‌కు కంప్యూటర్ వేరే ఉంది. దాని జోలికి ఏ అప్‌గ్రేడ్‌నూ రానివ్వను.

తెల్లవారి ఫంక్షన్ హాల్ ముందు నిలువెత్తున నా బిడ్డ, ఒక్కతే. బామ్మర్ది చీర పట్టుకుని ఆటో దిగి ఫ్లెక్సీ ముందు ఆగిపోయాడు. ఆ మూలా ఈ మూలా వెతికాడు. వెనక్కి తిరిగి ఆటో ఎక్కుతాడేమోనని నేను ఆటోకు అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను.

"మస్కట్ ఆయనది గూడ లేదా?"

"లేదు."

"గట్లైతే మంచిగుంది" అని లోపలికి నడిచాడు.

బావ కూడా పొద్దున్నే వచ్చి అదే చూసుకుని చల్లబడ్డాడట. మధ్యాహ్నం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మటన్ తింటూ, నా కంప్యూటర్‌నూ దాని అప్‌గ్రేడ్‌నూ కలిసి తిట్టుకున్నారు. మేనమామ పెట్టిన చీరలో నా బిడ్డ ఆ తిట్లన్నీ విని, వాళ్ళ వెనక నుంచి నా దగ్గరికి వచ్చింది. చెవిలో మెల్లగా అంది:

"బాపూ, నా పెండ్లి ఫ్లెక్సీకి గూడ అప్‌గ్రేడ్ జెయ్యి."