ముగ్గురు హెడ్లు, ఒక చెక్కపెట్టె

2004. బహ్రెయిన్‌లో ఒక యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. ఆ ఏడు కెమిస్ట్రీ, బయాలజీ, ఇంజినీరింగు శాఖలు కలిసి ఒక ఎలిమెంటల్ ఎనలైజర్ కొన్నాయి. చిటికెడు నమూనాను కాల్చి, అందులో కార్బన్, నైట్రోజన్ లాంటివి ఎంతెంత ఉన్నాయో చెప్పే మిషను అది. రావడం వచ్చింది గానీ నెలల తరబడి చెక్కపెట్టెలోంచి బయటికి రాలేదు.

కారణం మర్యాద. మిషను తమ గదిలోనే ఉండాలని ముగ్గురు హెడ్లకూ ఉంది. నోరు తెరిచి అడగడం ఇక్కడ పెద్దమనిషి తరహా కాదు; ఎదుటివాళ్లే బలవంతపెట్టి ఇవ్వాలి. అందుకని మా హెడ్ ప్రతి మీటింగులో బయాలజీ హెడ్‌తో, "మీ దగ్గరే ఉండనివ్వండి డాక్టర్" అనేవారు. ఆయన, "అబ్బే, మీ దగ్గరే" అనేవారు. ఇంజినీరింగు ఆయన మాటల్లోనే ఇద్దరికీ ఇచ్చేసేవారు. గహ్వా, అంటే ఇక్కడి కాఫీ, తాగి లేచేవాళ్లం. నాకు విసుగు కూడా పోయి నీరసం మిగిలింది.

మధ్యలో నలిగింది మరియం. ఇక్కడి పిల్లే, బయాలజీలో ఎమ్మెస్సీ. సముద్రం అడుగు బురద మీద ఆమె పరిశోధన. అందులో నైట్రోజన్ లెక్క తేలకపోతే థీసిస్ లేదు. ఆ సెమిస్టరు దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. వచ్చినప్పుడల్లా, "ఈ వారమైనా తెరుస్తారా సిస్టర్?" అని అడిగేది. నాకే ఏడుపొచ్చేది.

మళ్లీ మీటింగు, మళ్లీ అదే మాట. ఈసారి నేను నేరుగా స్టోరుకి వెళ్లాను. స్టోరు చూసే సలీం భాయ్‌ది జగిత్యాల.

"భాయ్, పెట్టె బయాలజీకి చేర్చండి. మా సారే అన్నారు."

"గది ఊకె అనే మాట గద మేడం. నిజంగ తీస్కపోతే ఊకుంటడా?"

"ఊరుకోకపోతే నన్నంటారు. నా పేరు చెప్పండి."

"మీ కాంట్రాక్టు గాయిన చేతులనే ఉన్నది, యాదుంచుకోండ్రి" అంటూనే ట్రాలీ తెచ్చాడు.

మర్నాడు మా హెడ్ పిలిచారు. "పెట్టె ఏది?"

"మీరు చెప్పిన చోటే పెట్టించాను సార్."

అందరి ముందు అన్న మాట. వెనక్కి తీసుకోలేరు. "మంచిది" అన్నారు. ఆ తర్వాత నాతో పనిమాటలు తప్ప మాట్లాడలేదు. ఆ ఏడు అందరి కాంట్రాక్టుల రెన్యువల్ కాగితాలూ కదిలాక, చివరికి నాది కదిలింది.

మరియం గడువులోపే థీసిస్ ఇచ్చింది. హల్వా పట్టుకుని వచ్చి, "మా మర్యాదలు మీకు తెలియకపోవడం నా అదృష్టం సిస్టర్" అంది. నవ్వి హల్వా అందుకున్నాను. ఇన్నేళ్లుగా ఇక్కడున్నదాన్ని, తెలియకేం?

నలుగురిదీ అయిన వస్తువు పనిలోకి రావాలంటే, ఎవరో ఒకరు మర్యాద తెలియని మనిషి అనిపించుకోవాలి. ఆ వంతు హెడ్లకు రాగా నేనెప్పుడూ చూడలేదు.